స్టెప్నీ కిందే పట్టేస్తుందన్నారు, పంటు దిగేసరికి వేలాడింది: జాగ్రత్త

పెద్ద సైజు టైర్లు వేయించుకుంటూ, ఐదోది, అంటే స్టెప్నీ కూడా అదే సైజులో కొని, "కిందే పట్టేస్తుందండి, కంపెనీ ఫిట్టింగులాగే ఉంటుంది" అన్న మాట నమ్మబోయేవాళ్ల కోసం రాస్తున్నాను. నేను నమ్మాను. షాపు పేరు రాయను, ఆ గొడవ వేరే.

మాది మలికిపురం పక్కన. రొయ్యల చెరువులున్నాయి. వానాకాలం గట్ల మీద ఫోర్ వీల్ లేకపోతే బండి కదలదని డబుల్ క్యాబిన్ పికప్ తీసుకున్నాను. దానికి కంపెనీ టైరు 255/60 ఆర్18. అవి తీసేసి, రెండంగుళాల లిఫ్ట్ కిట్ పెట్టించి, 285/65 ఆర్18 వేయించాను. నాలుగు టైర్ల మీద నాకే ఫిర్యాదూ లేదు, ఒండ్రు బురదలో బ్రహ్మాండంగా లాగుతున్నాయి. వచ్చిన చిక్కల్లా ఐదోదానితోనే.

ఈ లెక్క డబ్బులు కట్టకముందే వేసుకోవాల్సింది. 255లో 60 శాతం అంటే 153, పైనా కిందా కలిపి 306, దానికి 18 అంగుళాల రిమ్ము 457 కలిపితే పాత టైరు ఎత్తు 763 మిల్లీమీటర్లు. అదే లెక్కలో కొత్తది 828. అంటే రెండున్నర అంగుళాలు పెద్దది, పడుకోబెడితే మందం ఇంకో 30 మిల్లీమీటర్లు ఎక్కువ. బండి కింద స్టెప్నీ ఉండే చోటేమో అంతే ఉంది. "లిఫ్ట్ వేశాం కదండీ" అన్నాడు షాపతను, నేనూ తలూపాను. లిఫ్ట్ కిట్ చాసిస్‌ని యాక్సిల్ మీద నుంచి పైకి లేపుతుంది గానీ, చాసిస్ కమ్మీల మధ్య ఖాళీని పెంచదు కదా! ఈ మాత్రం ఆలోచన అప్పుడు రాలేదు.

స్టెప్నీ ఒక్క ఇనుప కేబుల్ మీద వేలాడుతుంది. కేబుల్ చివర చిన్న రేకు, అది రిమ్ము మధ్య కన్నంలో కూర్చుంటుంది, వెనక నుంచి రాడ్డు పెట్టి తిప్పితే టైరు పైకి వెళ్లి చాసిస్‌కి గట్టిగా నొక్కుకుంటుంది. బిగిశాక లోపల టక్ టక్‌మని చప్పుడొస్తుంది. నన్ను ముంచింది ఆ చప్పుడే. టైరు నాలుగు వైపులా సరిగ్గా కూర్చున్నా టక్‌మంటుంది, ఒక పక్క సైలెన్సర్ గొట్టానికి తన్ని ఆగిపోయినా టక్‌మంటుంది. నాది రెండో రకం. అలా తన్ని ఆగింది రోడ్డు మీద నాలుగు కుదుపులకి సర్దుకుంటుంది, కేబుల్ వదులవుతుంది, ఇక అక్కడి నుంచి టైరు ఉయ్యాల.

ఐదు నెలలు అలాగే తిరిగాను. మొన్న భీమవరం నుంచి 24 బస్తాల మేత, అంటే 600 కిలోలు వేసుకుని వస్తూ, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగడం ఎందుకులే అని నర్సాపురంలో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కాను. సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి పోటు తీసేసి ఉంది, గట్టు బాగా నిటారుగా దొరికింది. ముందు చక్రాలు గట్టెక్కాయి, వెనక భాగం కిందికి వంగింది, పంటు రేకు మీద దబ్బుమని ఏదో తగిలింది. బరువుకి కమాన్లు దిగాయిలే అనుకుని పోనిచ్చాను.

నాలుగైదు కిలోమీటర్లు వచ్చానో లేదో, మోపెడ్ మీద కొబ్బరికాయలు వేసుకుని వెనకాల వస్తున్నాయన హారన్ మీద హారన్ కొట్టి, పక్కకొచ్చి, "ఏవండోయ్, కింద టైరు ఈడ్చుకుపోతందండీ, ఆయ్!" అని అరిచాడు. దిగి చూస్తే స్టెప్నీ ఒక అంచు రోడ్డు మీద, ఇంకో అంచు గొట్టానికి ఇరుక్కుని ఉంది. కేబుల్లో సగం పోగులు తెగి ముళ్లలా లేచాయి. ఆ మిగతా సగం కూడా తెగి, నలభై కిలోల చక్రం ఆయన మోపెడ్ కిందికి దొర్లితే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

టైరు కిందికి దింపించి చూస్తే అసలు సంగతులు బయటపడ్డాయి. సైలెన్సర్ తగిలే చోట సైడ్‌వాల్ అరచేయంత మేర గాజులా నున్నగా మారి, గోటితో నొక్కితే గట్టిగా పెంకులా ఉంది. ముందు అంచున టైరు గుబ్బలు రెండు చెక్కుకుపోయాయి. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు మీద చూస్తే దానికి సరిగ్గా ఎదురుగా వెండి రంగు గీత. ఖాళీ బండికి అక్కడ వేలు దూరేంత సందుంది, బరువేస్తే యాక్సిల్ పైకొచ్చి టైరుని తంతోంది. షాపులో ఖాళీ బండికే చూసి పంపారు మరి.

గాలి చూస్తే 12 పీఎస్ఐ, మరీ తక్కువ. పైకి పట్టడం లేదని నాకు చెప్పకుండా టైరుని తిరగేసి బిగించారు, దాంతో వాల్వు పైవైపుకి పోయింది, దింపితే తప్ప గాలి చూసే వీల్లేదు. ఇక రిమ్ము గిన్నెలో ఎండిన ఒండ్రు ఇటుకలా పట్టేసింది, చెరువుల ఉప్పునీళ్లకి కేబుల్ తెగని చోట కూడా తుప్పే. చెరువుల్లో తిరిగే బండి ఎవరిదైనా సరే, కంపెనీ సైజు స్టెప్నీ ఉన్నా సరే, నెలకోసారి కిందికి దింపి కడగండి, కేబుల్‌కి గ్రీజు పెట్టండి.

మీరు ఇప్పటికే పెద్దది కింద పెట్టించి ఉంటే, ఈ సాయంత్రమే బండి కిందికి దూరి రెండు చేతులతో టైరుని తోసి చూడండి. కొంచెం కదిలినా లెక్క తప్పినట్టే. తర్వాత బరువేసి మళ్లీ చూడండి. కొత్త అల్లాయ్‌లు వేసి ఉంటే మధ్య కన్నంలో ఆ రేకు నిండుగా కూర్చుందో లేదో చూడండి, కన్నం పెద్దదైతే చక్రం వాలిపోతుంది.

కింద పాత కంపెనీ టైరే ఉంచుకుంటే పోదా అని మా బావ అన్నాడు. దగ్గర్లో పంక్చర్ షాపు దాకా మెల్లగా పోవడానికైతే పనికొస్తుంది, అంతే. మిగతా మూడింటికంటే రెండున్నర అంగుళాలు చిన్నది కదా, అది వేసి గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ మాత్రం వేయకండి, గేర్ల మీద పడుతుంది.

నేనైతే ట్రేలో క్యాబిన్ వెనకాల నిలబెట్టి బెల్టుతో బిగించాను. నాలుగు బస్తాల చోటు పోయింది, పనివాళ్లు విసుక్కుంటున్నారు. షాపతను కేబుల్ మార్చి ఇస్తానంటున్నాడు, పాడైన టైరు డబ్బుల మాట ఎత్తితే మాత్రం "మేం బిగించినప్పుడు టక్‌మందిగా అండీ" అంటున్నాడు. ట్రేలో టైరు నిలబెట్టే స్టాండు ఎవరైనా చేయించుకుని ఉంటే కొలతలు పెట్టండి, మా ఊళ్లో వెల్డింగ్ అతను కొలతలుంటే చేసేస్తానంటున్నాడు.