ఎన్ఆర్ఎస్‌వీ అప్‌డేటెడ్ ఎడిషన్ బైబిల్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

తెలుగు బైబిల్ పక్కన పెట్టుకుని చదవడానికి మంచి ఇంగ్లిష్ బైబిల్ ఏదో చెప్పండి ఆంటీ అని మా చర్చి పిల్లలు అడిగితే నేను చెప్పే పేరు ఎన్ఆర్ఎస్‌వీ (న్యూ రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్) అప్‌డేటెడ్ ఎడిషన్. కొన్నేళ్లుగా దీన్నే వాడుతున్నాను. పొద్దున్నే ఒక్కదాన్నే కూర్చుని చదువుకుంటాను, ఆదివారం సాయంత్రం మా ఇంట్లో జరిగే బైబిల్ స్టడీలో అందరితో కలిసి చదువుతాను. నిక్షేపంగా కొనొచ్చు. కాకపోతే కొనే ముందు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

1989లో వచ్చిన ఎన్ఆర్ఎస్‌వీకి ఇది సవరించిన రూపం. అమెరికాలోని నేషనల్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ కోసం సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్ అనే బైబిల్ పండితుల సంఘం ఈ సవరణ చేసింది. 2021లో ముందు ఆన్‌లైన్‌లో వచ్చింది, ఆ తర్వాత అచ్చయింది. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన వచనాలు ఇందులో కొన్నిచోట్ల వేరుగా కనిపిస్తాయి. లూకా 2:7లో మనం 'సత్రములో వారికి స్థలము లేనందున' అని చదువుకుంటాం, ఇందులో అది అతిథుల గది. క్రిస్మస్ వారంలో మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. 23వ కీర్తన దగ్గర మాత్రం మనవాళ్లకి కొత్తేమీ ఉండదు. పాత ఇంగ్లిష్ బైబిల్ కింగ్ జేమ్స్‌లో మరణపు నీడ ఉన్న చోట ఇందులో కటిక చీకటి లోయ ఉంటుంది. మన 'గాఢాంధకారపు లోయ' కూడా అదే కదా.

మా బైబిల్ స్టడీ సగం వంటింట్లోనే జరుగుతుంది, చికెన్ ఫ్రై తినకుండా పిల్లలు ఇంటికి కదలరు. శనివారం రాత్రే చికెన్‌కి పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. వేయించే ముందు గుడ్డు కొట్టి వేసి, కాస్త కార్న్‌ఫ్లోర్, బియ్యప్పిండి కలుపుతాను. నూనె మరీ కాగితే పైన మాడిపోయి ఎముక దగ్గర పచ్చిగా మిగులుతుంది. అందుకే మధ్యస్తం మంట మీద నాలుగైదు ముక్కల చొప్పున వేయించి తీసి, అన్నీ అయ్యాక మంట పెంచి ఇంకోసారి రెండు నిమిషాలు వేస్తాను. అప్పుడే పైన కరకరలాడుతుంది. చివర్లో అదే నూనెలో చీల్చిన పచ్చిమిర్చి, తడి లేని కరివేపాకు. పొయ్యి వదిలి నేను రాలేను కాబట్టి ఎవరో ఒకరు గుమ్మం దగ్గర స్టూల్ వేసుకుని అధ్యాయం పైకి చదువుతారు. ఒక అనువాదం చెవికి ఎలా ఉందో నాకు తెలిసేది అక్కడే. సువార్తలు, సమూయేలు గ్రంథాలు హాయిగా సాగిపోతాయి. పౌలు పత్రికల్లో మాత్రం పొడవాటి వాక్యాల మధ్య పిల్లలకి ఊపిరి అందదు.

ఇక నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణానికి వస్తాను: 1 కొరింథీయులకు 6:9.

మా గుంపులో ఒక అబ్బాయి ఉన్నాడు. తను గే అని మాలో కొందరికే చెప్పాడు. ఈ విషయం రాయడానికి అతను ఒప్పుకున్నాకే రాస్తున్నాను. కొరింథీ పత్రిక ఆరో అధ్యాయం వచ్చే వారం అతనికి ఎప్పుడూ ఏదో ఒక పని పడేది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చి, వయసొచ్చినవాళ్లు ఇష్టపడి స్వలింగ సంబంధంలో ఉండటం నేరం కాదని చెప్పింది. కోర్టు సంగతి సరే, వాక్యం ఏమంటోందన్నది అతని బాధ. తెలుగులో ఆ వచనంలో 'ఆడంగితనము గలవారైనను పురుష సంయోగులైనను' అని ఉంటుంది.

ఆ రెండు మాటల వెనక ఉన్న గ్రీకు పదాలు మలకోయ్, ఆర్సెనొకోయ్‌తయ్. మొదటిదానికి మామూలు అర్థం మెత్తనివాళ్లు అని. మత్తయి 11:8లో 'సన్నపు బట్టలు' అని మనం చదివేచోట కూడా ఇదే పదం. రెండోది మగవాడు, పడక అనే రెండు మాటలు కలిపి చేసినది. పౌలుకి ముందు ఎవరూ వాడిన దాఖలా దొరకలేదు. లేవీయకాండం 20:13 గ్రీకు అనువాదంలో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పౌలు మనసులో ఆ ధర్మశాస్త్రమే ఉందని చాలామంది పండితులు అంటారు. కాదు, ఆ కాలంలో బానిసల్ని, కుర్రాళ్లని డబ్బుకీ బలవంతానికీ వాడుకున్నవాళ్ల గురించి చెప్పాడని మరికొందరు అంటారు. ఇంగ్లిష్ బైబిళ్లలో, ఎన్ఆర్ఎస్‌వీకి ముందుదైన ఆర్ఎస్‌వీ 1946 నాటి కొత్త నిబంధన ఈ రెండు పదాల్నీ కలిపేసి 'హోమోసెక్సువల్స్' అని మొదటిసారి రాసింది. 1971 సవరణలో ఆ మాట తీసేశారు. ఎన్ఐవీ (న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్) అనే ఇంకో ఇంగ్లిష్ బైబిల్ 2011 ముద్రణలో పురుషులతో సంగమించే పురుషులు అని ఉంది. ఈ అప్‌డేటెడ్ ఎడిషన్ రెండు పదాల్నీ విడివిడిగా ఉంచి, మొదటిదానికి డబ్బు కోసం ఒళ్లు అమ్ముకునే మగవాళ్లు అనీ, రెండోదానికి అక్రమ సంగమం చేసే మగవాళ్లు అనీ పెట్టింది. కింద ఫుట్‌నోట్‌లో గ్రీకు అర్థం కచ్చితంగా తెలియదని రాసింది.

ఆ అబ్బాయి వచ్చిన వారం ఇది చదివాం. "ఆంటీ, ఆ ఫుట్‌నోట్ ఇంకోసారి చదవండి" అన్నాడు. చదివాను. తర్వాత గంటసేపు వాదించుకున్నాం, ఎవరి నమ్మకం వాళ్లకే మిగిలింది. కానీ ఆ అధ్యాయం అయ్యేదాకా అతను మా మధ్యే కూర్చున్నాడు. తెలియనిచోట తెలియదని అచ్చులో ఒప్పుకున్న ఈ అనువాదం మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

అయినా లోపం చెప్పకుండా ఉండలేను. 'అక్రమ సంగమం' అంటే ఏది అక్రమం? ఆ జాబితా మొదలయ్యేదే జారులతో. మళ్లీ అలాంటి మాటే వస్తే చదివేవాళ్లకి తేడా ఏమిటో తెలియదు. ఫుట్‌నోట్ కూడా అర్థం తెలియదని చెప్పి ఊరుకుంటుంది. ఫలానా రెండు మూడు అర్థాలు ఉండొచ్చని ఇంకో లైన్ రాసి ఉంటే ఎంత మేలయ్యేది! ఈ ఒక్క విషయంలో, నేను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఎన్ఐవీ తన ఉద్దేశం సూటిగా చెబుతుంది.

ఈ బైబిల్లో స్వలింగ సంపర్కం గురించిన వాక్యాలన్నీ తీసేశారని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మాత్రం తప్పు. లేవీయకాండం 18:22 ఎప్పటిలాగే హేయమైనదనే చెబుతుంది. రోమా 1:26, 27 కూడా ఎక్కడికీ పోలేదు. ఆ వచనాలు వచ్చినప్పుడు మేం అంతే కష్టపడి మాట్లాడుకున్నాం.

నా దగ్గరున్న ప్రతిలో కాగితం మరీ పల్చన, వెనక పేజీ అక్షరాలు కనిపిస్తాయి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు పెద్ద అక్షరాల ముద్రణే తీసుకోండి. ప్రార్థనకి, కంఠస్థానికి నాకు ఇప్పటికీ తెలుగు బైబిలే. చదివి ప్రశ్నలు వేసుకునే గుంపుకి మాత్రం ఇలాంటిది ఒకటి ఇంట్లో ఉండాలి. ఫోన్ యాప్‌లో చదివేవాళ్లకి ఒక మాట: కొన్ని యాప్‌లలో ఫుట్‌నోట్లు చిన్న గుర్తులా మాత్రమే కనబడతాయి, వేలితో నొక్కితేనే తెరుచుకుంటాయి. 6:9 దగ్గర తప్పకుండా నొక్కి చూడండి.