600 గుర్రాలా, 4 మంచు టైర్లా: మంచు రోడ్డు మీద ఏది మేలు?

దమ్ముకు నీళ్లు పెట్టిన చేలోకి అరిగిన రబ్బరు టైర్లతో 50 గుర్రాల (హెచ్‌పీ) ట్రాక్టరు దించితే ఏమవుతుందో ఉయ్యూరు, కంకిపాడు వైపు ఎవరినడిగినా చెబుతారు. చక్రం గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. ఇంకాస్త తొక్కితే ఇరుసు దాకా దిగబడిపోతుంది. అదే చేలో ఇనుప దమ్ము చక్రాలు బిగించిన చిన్న ట్రాక్టరు చకచకా తిరిగొస్తుంది. అమెరికాలో, మినియాపోలిస్‌లో ఉండే మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, సుబారు ఫారెస్టర్ కారు ఇచ్చేసి బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎం తీసుకుందామనుకుంటున్నా. మంచుకి ఏది మేలంటావు?" అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ చేనే.

నాకు బెజవాడ ఆటోనగర్‌లో టైర్ల కొట్టు ఉంది. రెండు చలికాలాలు వాడింట్లో ఉండి వచ్చాను కూడా. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పటమటలో మా వీధిలోనే నాలుగిళ్ల పిల్లలు అమెరికా, కెనడాల్లో ఉన్నారు, వాళ్లకీ పనికొస్తుంది.

కాగితం మీద ఈ రెండు బళ్లకీ పోలికే లేదు. బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎం కాంపిటీషన్‌లో 4.4 లీటర్ల వీ8 ఇంజను, 600 గుర్రాలు దాటిన శక్తి, 750 న్యూటన్ మీటర్ల టార్క్. పొడి రోడ్డు మీద 4 సెకన్లలోపే గంటకి 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. సుబారు ఫారెస్టర్‌ది 2.5 లీటర్ల ఇంజను, 180 గుర్రాలు. 100 అందుకోవడానికి 9 సెకన్ల దాకా పడుతుంది. రెండింటికీ శక్తి నాలుగు చక్రాలకూ వెళుతుంది.

ఇప్పుడు రోడ్డు మీద మంచు పడి, బళ్లు తిరిగి తిరిగి గట్టిపడిందనుకోండి. పొడి తారు మీద టైరు పట్టు (తన మీద పడే బరువులో ఎంత వంతు బలంతో రోడ్డును పట్టుకోగలదో ఆ లెక్క) 0.8 దాకా ఉంటే, ఇక్కడ మంచి మంచు టైరుకి కూడా సుమారు 0.25. ఆ పట్టుతో ఏ బండి అయినా, ఎన్ని గుర్రాలున్నా, 100 అందుకోవడానికి 11 సెకన్లకు పైనే పడుతుంది. చిన్న లెక్కే: రోడ్డు ఎంత ఇస్తే అంతే, ఇంజను దగ్గర ఎంత ఉందన్నది రోడ్డుకి పట్టదు. ఫారెస్టర్‌కున్న 180 గుర్రాలతోనే ఆ హద్దు దాకా దాదాపు వచ్చేస్తాం. మిగతా 400 గుర్రాలకి డబ్బు కట్టి, మంచు పడే 4 నెలలూ షెడ్లో కట్టేసుకున్నట్టే.

అసలు నాకు భయం పరుగు గురించి కాదు, ఆగడం గురించి. 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే పొడి తారు మీద 12 మీటర్లలో బండి ఆగుతుంది. గట్టిపడ్డ మంచు మీద అదే 40 మీటర్లు. అద్దంలా మెరిసే ఐసు మీద పట్టు 0.1కి పడిపోతే 100 మీటర్లు. తొక్కాలని మనకి తట్టేలోపు బండి పోయే దూరం ఇందులో కలపలేదు. నాలుగు చక్రాల డ్రైవు కదలడానికి సాయం చేస్తుంది కానీ, ఆపడానికి చెయ్యదు. బ్రేకులు ప్రతి బండికీ నాలుగు చక్రాలకూ ఉంటాయి కదా. బరువు ఎక్కువుంటే నేలను బాగా పట్టుకుంటుందని మనవాళ్లు అంటుంటారు. పట్టు పెరిగిన మాట నిజమే, ఆపాల్సిన బరువూ అంతే పెరిగింది. రెండూ చెల్లుకి చెల్లు.

అంటే తేడా తెచ్చేది టైరొక్కటే. ఎక్స్5 ఎం లాంటి బండి మామూలుగా సమ్మర్ టైర్ల మీద వస్తుంది: ముందువి 295, వెనకవి 315 మిల్లీమీటర్ల వెడల్పు. విజయవాడ ఎండకి, హైవేకి ఆ రబ్బరు బ్రహ్మాండంగా ఉంటుంది. 7 డిగ్రీల కిందకి వెళ్లేసరికి గట్టిపడుతుంది, గడ్డకట్టే చలిలో కదిపితే పగుళ్లు కూడా రావచ్చు. పైగా అంత వెడల్పు టైరు మెత్తటి మంచును కోసుకుని కిందకి దిగదు, పైన తేలుతుంది. మా తమ్ముడి వీధిలో డిసెంబరు పొద్దున ఒకాయన పెద్ద పెర్ఫార్మెన్స్ ఎస్‌యూవీ సొంత ఇంటి వాకిట్లోనే జారుతూ నిలబడిపోవడం నేను కళ్లారా చూశాను. పక్కింటి ముసలావిడ ముందు చక్రాలతో నడిచే చిన్న కారు, మంచు టైర్లేసుకుని, మెల్లగా దాటి వెళ్లిపోయింది.

మంచు టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని గళ్ల మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు వందల్లో ఉంటాయి, అవి మంచును కరిచి పట్టుకుంటాయి. కొనేటప్పుడు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు చూసుకోవాలి. ఎం ప్లస్ ఎస్ (ఇంగ్లీషులో బురద, మంచు అన్న మాటల మొదటి అక్షరాలు) అని మాత్రమే ఉంటే నమ్మకండి, ఆ అక్షరాలకి మంచులో పరీక్ష పెట్టరు. ఆ గుర్తున్న ఆల్ సీజన్ టైర్లూ దొరుకుతాయి. మంచు తక్కువ పడే ఊళ్లకి అవి చాలు, మినియాపోలిస్‌కి నా మనసు ఒప్పుకోదు. మేకుల టైర్లు ఐసు మీద గట్టి పట్టునిస్తాయి కానీ మా తమ్ముడుండే మినెసోటా రాష్ట్రంలో ఉండేవాళ్లు వేసుకోకూడదు, రోడ్డు పాడవుతుందని. దమ్ము చక్రాలతో తారు రోడ్డెక్కితే ఇక్కడ మనమూ ఊరుకోం కదా.

కాబట్టి పోటీ ఎక్స్5 ఎంకీ ఫారెస్టర్‌కీ కానే కాదు. మంచు టైర్లున్న ఫారెస్టర్ నా లెక్కలో మొదటిది: టైరు సన్నం, కింద 220 మిల్లీమీటర్ల ఎత్తు, టైర్లు చవక. మంచు టైర్లున్న ఎక్స్5 ఎం మంచులో దానికి దగ్గరగా నిలబడుతుంది, మంచు ఊడ్చేసిన హైవే మీద దాన్ని మించిపోతుంది. కానీ యాక్సిలరేటర్ మీద కాలు పువ్వు మీద పెట్టినట్టు పెట్టాలి. చక్రాలు ఇంకో సెట్టు కొనాలి. బ్రేకులు పెద్దవి కాబట్టి మరీ చిన్న చక్రం పట్టదు, కొలత అడిగి తీసుకోవాలి. సమ్మర్ టైర్ల మీదే చలికాలం గడిపేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. మా మరదలు హాస్పిటల్ డ్యూటీకి తెల్లవారుజామున 5కే బయల్దేరుతుంది, ఇంకా రోడ్డు ఊడ్చి ఉండరు.

రోడ్ల మీద చల్లే ఉప్పు సంగతి రెండింటికీ ఒకటే. బందరు ఉప్పుగాలికి బండి కింద రేకు ఎలా తినేస్తుందో మనకి తెలుసు. అక్కడ వారానికోసారి అడుగు కడిగించాల్సిందే.

ఇక్కడి నుంచి జనవరిలో మనాలీ వెళ్లేవాళ్లు సొంత బండి పెద్దదని మంచులోకి దింపొద్దు. మంచు పడిన రోజుల్లో అటల్ టన్నెల్ వైపు అక్కడి 4x4 టాక్సీలో వెళ్లడమే మంచిది.

తమ్ముడు చివరికి ఎక్స్5 ఎం కొన్నాడు, ఫారెస్టర్ మరదలికి ఉంచేశాడు. "ఒరే, రెండింటికీ దీపావళికల్లా మంచు టైర్లు ఎక్కించు. ఉగాది వెళ్లిన పదిహేను రోజులకి దింపు. వెచ్చటి షెడ్లో గాలి కొట్టించి మైనస్ 20లోకి తీస్తే టైరులో గాలి ఓ 7 పీఎస్ఐ మేర తగ్గిపోతుంది, బయటే చూసుకో" అన్నాను. మొన్న దీపావళి మర్నాడు ఫోటో పంపాడు. టైరు పక్కన కొండ గుర్తు కనిపించేలా దగ్గర్నుంచి తీశాడు.