మిర్చి ఘాటు నడుమ శ్వాస మీద ధ్యాస: మూడేండ్లు చేసినంక

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. సీజన్‌ల పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిందంటే చాలు, కాంటాలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం, పైసల లెక్క చీటీలు), హమాలీల కూలి లెక్కలు, ఇంటికి పోయే బండి దొరుకుతదో లేదో అని రైతుల తొందర. ధ్యానం నేర్పేటోళ్లు "ముక్కు కొనల దగ్గర చల్లగ లోపలికి పోయే గాలిని గమనించండి" అంటరు. రోజంతా తేజ రకం మిర్చి బస్తాల నడుమ తిరిగినోని ముక్కుల చల్లగ ఏముంటది? మంట ఉంటది. నా ధ్యానం ఆ మంటతోనే మొదలైంది.

మూడేండ్ల కింద, 41 ఏండ్లకే బీపీ గోలి పడ్డది. డాక్టర్ "కోపం తగ్గించుకోవయ్యా" అన్నడు. ఎట్ల తగ్గించుకోవాల్నో చీటీ మీద రాయలే.

ముందుగాల ఫోన్ల ఒక యాప్ వేసుకున్న. ఏడాది పైసలు ఒక్కసారే కట్టిన. అండ్ల మాట్లాడే ఆమె గొంతు మంచిగున్నది, కాదనను. అంత మంచిగుండుడే తప్పయింది, పదో నిమిషానికి గురక. ఇరవై రోజులకు ఆ ముచ్చట ఒడిసింది.

తర్వాత మా గల్లీల ఉండే ఒక కాక పట్టుకున్నడు. ఆయన పిరమిడ్ ధ్యానం మనిషి, పత్రీజీ అనే ధ్యాన గురువు 1990ల కర్నూల్‌ల మొదలుపెట్టిన పద్ధతి. "కాళ్లు కత్తెర వెయ్యి, వేళ్లల్ల వేళ్లు కలుపు, కండ్లు మూసుకో. నీ వయసెంతో అన్ని నిమిషాలు కూసో బిడ్డా" అన్నడు. సూత్రం సులువు, పైసా ఖర్చు లేదు, మంత్రం లేదు. కానీ 41 నిమిషాలు! ఏడో నిమిషానికి ఎడమ కాలు మొద్దుబారింది, పదిహేనో నిమిషానికి రేపటి బాకీ రైతులందరు వరుసగ కండ్ల ముందు నిలబడ్డరు. కాక మీద గౌరవమే, కానీ కొత్తోనికి ఆ లెక్క బరువు. నేను ఐదు నిమిషాలకు దిగిన. ఐదు నుంచి పదికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఇరవై. దాని మీదికి పోవాలని ఆశ కూడా లేదు.

ఇగ కూసునే తీరు. దీన్ని ఎవ్వరు సక్కగ చెప్పరు. నేల మీద సాఫుగ కూసుంటే మోకాళ్లు గాల్లెకు లేస్తయి, నడుము వంగుతది, పావుగంటకు వెన్నుల సూది గుచ్చినట్టయితది. మా నాయన గొంగడి ఇంట్ల ఉన్నది. దాన్ని నాలుగు మడతలు పెట్టి పిర్రల కిందికి వేసుకున్న. నడుము ఎత్తుకొచ్చింది, మోకాళ్లు కిందికి దిగినయి, వెన్ను దానంతట అదే నిలబడ్డది. మూడేండ్లల్ల దొరికిన పెద్ద జ్ఞానం ఇదే అంటే నవ్వుతరు, నవ్వుకోండి. మోకాళ్ల నొప్పులున్నోళ్లు కుర్చీల కూసున్నా ఏం కాదు.

మనసు నిలవకుంటే విడిచిన శ్వాసలు ఒకటి నుంచి పది దాక లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రమ్మంటరు. నేను ఓసారి సోయిల లేకుంట అరవై మూడు దాక పోయిన. బస్తాలు లెక్కపెట్టే అలవాటు ఎక్కడికి పోతది. తప్పిపోయినట్టు ఎరుకైన ఆ క్షణమే అసలు కసరత్తని చానా రోజులకు అర్థమైంది. అప్పటిదాక నేను ఫెయిల్ అనుకుంటనే కూసున్న.

రెండో నెలల ఒక పొద్దు, ఏ కారణం లేకుంట, ఎంజీఎం దవాఖానల మా నాయన ఆఖరి రాత్రి యాదికొచ్చింది. గుక్కపట్టి ఏడ్సిన. మా ఇంటామె లేచొచ్చి "ప్రశాంతత కోసం కూసుంటనని ఇదేం ఏడుపయ్యా" అన్నది. ఇట్ల పాతయి పైకొస్తయని నాకు ఎవ్వరు చెప్పలే, అందుకే మీకు చెప్తున్న. మనసుకు సంబంధించి మందులు వాడుతున్నోళ్లు డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టండి.

రెండో ఏడు మార్కెట్‌ల సరుకు పలచబడ్డంక హైదరాబాద్ అవతల సాగర్ రోడ్డు మీదున్న విపశ్యన ధ్యాన కేంద్రానికి పోయిన. పది రోజులు మౌనం, ఫోన్ వాళ్లకే ఇచ్చెయ్యాలె, తెల్లారి నాలుగింటికి గంట, పదకొండుకు అన్నం, రాత్రి తిండి లేదు. ఫీజు లేదు, అయిపోయినంక ఇష్టముంటే దానం. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గరి శ్వాసే. అక్కడ మిర్చి లేదు కదా, మూడో రోజు చల్లగాలి అంటే ఏందో నా ముక్కుకు తెలిసింది. నాలుగో రోజు నుంచి కదలకుంట గంట కూసోమన్నరు, అప్పుడు మాత్రం గోడ దుంకి పోదామనుకున్న. ఇంటికాడ ఆరు నెలలన్న కూసోనోళ్లకు ఇది చెప్పను.

ఏమన్న మారిందా? బీపీ గోలి ఇంకా వేసుకుంటున్న. "ధ్యానం చేస్తున్నవ్ కదా, గోలి ఆపెయ్" అన్న మనిషి మాట వినలే, మీరూ వినకండి. నిద్ర కొంచెం నయం. కోపం రాకుంట ఏం పోలే, కానీ వస్తున్నట్టు చెవులు వేడెక్కుడు ముందే తెలుస్తున్నది. పోయిన మార్చిల ఒక రైతు తక్‌పట్టీ బల్ల మీద కొట్టి "నా పైసలు తిన్నవ్" అన్నడు. పాత నేనైతే అంతకు రెండింతలు అరిచేటోణ్ని. చెవులు వేడెక్కినయి, రెండు శ్వాసలు విడిసిన, చీటీ తీసి మళ్లీ కూడిన. ఒక బస్తా తూకం నేనే తక్కువ రాసిన. "తప్పు నాదే పెద్దనాయన" అంటే ఆయనే బిత్తరపోయిండు. ఇంట్ల మాత్రం ఇంత మంచోణ్ని కాలే. మా ఇంటామె మార్కులు అడిగితే పదికి నాలుగు అంటది.

2024ల ఐక్యరాజ్యసమితి డిసెంబర్ 21ని ప్రపంచ ధ్యాన దినమని ప్రకటించింది. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులన్ని తామర పువ్వుల బొమ్మలతోని నిండుతయి, పెట్టినోళ్లల్ల ఎందరు కూసున్నరో ఎవరికెరుక.

సంక్రాంతి దాటినంక కొత్త మిర్చి దిగుతది. ఆ రెండు మూడు నెలలు ముక్కును నమ్ముకోను. పొట్ట మీద చెయ్యి పెట్టుకొని, అది లేసుడు పడుడు చూసుకుంట కూసుంట. గొంగడి మాత్రం మొన్ననే ఉతికి ఎండేసిన, దాంట్ల కూడా ఘాటు పట్టింది.