ఓడ మీద ప్రేమ: దాచాలా, ఆగాలా, చెప్పెయ్యాలా?

రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్, అంటే కాపలా డ్యూటీ. సరుకు ఓడల్లో ఆ డ్యూటీ మామూలుగా సెకండ్ ఆఫీసర్‌ది. బ్రిడ్జి మీద, అంటే ఓడని నడిపే గదిలో, రాడార్ వెలుతురు తప్ప అంతా చీకటే. పక్కన, సముద్రాన్ని కనిపెట్టి చూసే లుకౌట్‌గా ఒక నావికుడు. ఇద్దరే, మూడింటికి టీ కలుపుకుంటూ, నెలల తరబడి. మనసులు కలవడంలో వింతేమీ లేదు. చిక్కల్లా ఒకరు ఆర్డర్ వేసేవాళ్లు, ఇంకొకరు ఆ ఆర్డర్ వినాల్సినవాళ్లు కావడమే.

అందరూ మొదట ఎంచుకునేది దాచడం. నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డది అదే. ఓడలో ఏదీ దాగదు. వాచ్ లిస్టులో పెన్సిల్‌తో ఒక పేరు చెరిపి ఇంకో పేరు రాస్తే, మూడో రోజుకి వంటగదిలో దాని మీదే చర్చ. తప్పు చేసినప్పుడు తిట్టకపోతే పక్షపాతం అంటారు, తిడితే నాటకం అంటారు. దొరికిపోవడం కూడా అసలు సమస్య కాదు. పనితీరు రిపోర్టు రాసేది పై ర్యాంకు మనిషి. రేపు కింది మనిషికి మనసు మారితే, ‘ఇక వద్దు’ అని ఏ ధైర్యంతో అంటారు? అన్నాక కూడా అదే బ్రిడ్జి, అదే చీకటి, అదే నాలుగు గంటలు.

ఆగడం మేలా అంటే, అది ఏ ఓడ అన్నదాన్ని బట్టి. సరుకు ఓడ అయితే కళ్లు మూసుకుని ఆగమంటాను. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఓడ మీద ఏకధాటిగా ఉండే కాలం 12 నెలల లోపే. సైన్ ఆఫ్ అయ్యాక, అంటే కాంట్రాక్టు ముగిసి ఓడ దిగాక, ఇద్దరూ వేర్వేరు ఓడలు ఎక్కితే, ర్యాంకులు అలాగే ఉన్నా ఒకరి మీద ఒకరికి పెత్తనం ఉండదు. కొన్ని నెలల ఓపిక, అంతే.

యుద్ధనౌక సంగతి వేరు. అమెరికా నౌకాదళాన్నే తీసుకోండి. అక్కడ ఆఫీసర్‌కీ మామూలు నావికుడికీ మధ్య ప్రేమ, వేర్వేరు నౌకల మీద ఉన్నా నిషేధమే. కేసు సైనిక కోర్టు దాకా వెళ్తే ఆఫీసర్‌కి ఉద్యోగం పోవచ్చు, రెండేళ్ల దాకా జైలూ పడొచ్చు. పెళ్లి చేసేసుకుంటే ఎవరేమంటారులే అనుకుంటారు కొందరు. పెళ్లయినంత మాత్రాన అంతకుముందు చేసినది మాఫీ కాదని ఆ నిబంధనల్లోనే ఉంది. ఇద్దరూ నావికులే అయి, ఒకరు చీఫ్ స్థాయిలో (ఆఫీసర్ కాని నావికుల్లో సీనియర్ ర్యాంకు), ఇంకొకరు కింద ఉంటే మాత్రం కొంత నయం. ఒకే నౌకలోనో ఒకే యూనిట్‌లోనో ఉండటమే అక్కడ ప్రధానమైన అడ్డు కాబట్టి బదిలీతో తీరే అవకాశం ఉంది.

అలాంటి చోట పై అధికారులకి చెప్పెయ్యడమే మంచిది, అదీ కథ ముదరకముందే. ఎవరు చెప్పాలి? పై ర్యాంకు మనిషే. ఇలాంటివి రాకుండా చూసుకునే బాధ్యత ముఖ్యంగా సీనియర్‌దేనని ఆ నిబంధనలూ అంటున్నాయి. బదిలీ అడిగేదీ సీనియర్ తన కోసమే అడగాలి. కింది మనిషిని ఇంకో ఓడకి పంపేసి తాను కుర్చీలో కూర్చుంటే దాన్ని ప్రేమ అనడానికి నాకు నోరు రాదు.

మరి ఆఫీసర్, నావికుడు జంట? మొదలుపెట్టకముందే ఒకరు నౌకాదళం వదలడం తప్ప శుభ్రమైన దారి కనబడటం లేదు. ‘జీతం తక్కువవాళ్లు మానేస్తే సరి’ అనే లెక్క తేలికగానే ఉంటుంది, కానీ ఇరవై ఏళ్ల తర్వాత ప్రతి గొడవలోనూ అదే పైకి వస్తుంది. దానికన్నా ఇద్దరి సర్వీసు ఒప్పందాలూ బల్ల మీద పెట్టుకుని, ఎవరి గడువు ముందు ముగుస్తుందో చూసుకోవడం నయం. ఆ తేదీ దాకా సార్ సార్‌గానే, మేడమ్ మేడమ్‌గానే ఉండాలి. మూడింటి టీ కూడా ఎవరిది వాళ్లే కలుపుకోవాలి.