‘రాయల్టీ లేదు’ అనే చాయ్ ఫ్రాంచైజీ: అగ్రిమెంటు ఒక దఫా నడిపాక సమీక్ష

ఇది మొత్తం ఒక్క నిబంధన మీద రాస్తున్న సమీక్ష: చాయపత్తా, మసాలా, పేపర్ కప్పులు కంపెనీ దగ్గరే కొనాలి అన్నది. హైదరాబాద్‌లో చాయ్ ఫ్రాంచైజీ తీసుకోవాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఫీజు ఎంత, కిరాయి ఎంత, రోజుకు ఎన్ని కప్పులు పోతాయి అని. ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ లైసెన్సు, కమర్షియల్ మీటరు, 19 కిలోల సిలిండరు సంగతి పక్క మడిగె ఆయన్ని అడిగినా చెప్తాడు. అగ్రిమెంటు చివర అనుబంధంలో ఉండే సరుకుల పట్టీని మాత్రం ఎవరూ చదవరు. మడిగెలో నాలుగు డబ్బులు మిగులుతాయా లేదా తేలేది అక్కడే.

మంచి ముందు చెప్పాలి. కంపెనీ ప్యాకెట్లతో కొలత ప్రకారం చాయ్ కాచే ఈ పద్ధతి వల్ల చాయ్ మాస్టర్ గండం తప్పుతుంది. సొంత చాయ్ దుకాణంలో రుచి మాస్టర్ చేతిలో ఉంటుంది. ఎదురు దుకాణం వాడు జీతం కాస్త పెంచి పిలిస్తే మాస్టర్‌తో పాటు గిరాకీ కూడా పోతుంది. ఇక్కడ లెక్క రాసి పెట్టి ఉంటుంది: లీటరు ఫుల్ క్రీమ్ పాలు, 400 మిల్లీలీటర్ల నీళ్ళు, 35 గ్రాముల చాయపత్తా, 90 గ్రాముల చక్కెర, 5 గ్రాముల మసాలా. మరిగాక 80 మిల్లీలీటర్ల కప్పులు 15 వస్తాయి. కొత్త పిల్లాడైనా ఒకట్రెండు రోజుల్లో చేయి కుదుర్చుకుంటాడు. ఈ సుఖం నిజమైనదే, దానికి డబ్బు పెట్టడంలో తప్పు లేదు. ఎంత పెడుతున్నామో తెలియాలి, అంతే.

‘నెలనెలా రాయల్టీ లేదు’, అంటే అమ్మకంలో వాటా అడగం అని చెప్పే కంపెనీ తన వాటాను సరుకు ధరలో తీసుకుంటుంది. లెక్క కట్టడం కష్టం కాదు. ఉదాహరణకు కంపెనీ చాయపత్తా కిలో 640 రూపాయలు, అదే రంగు, అదే చిక్కదనం ఇచ్చే సీటీసీ పొడి (ఆకును యంత్రంలో నలిపి గింజలుగా చేసిన టీ) బేగంబజార్ హోల్‌సేల్‌లో 400 అనుకోండి. 35 గ్రాములకు తేడా 8 రూపాయల 40 పైసలు. అచ్చేసిన కప్పు 85 పైసలు, మామూలు కప్పు 45 పైసలు అయితే 15 కప్పులకు తేడా 6 రూపాయలు. మసాలాలో ఇంకో 2 రూపాయల 60 పైసలు. మొత్తం 17 రూపాయలు. కప్పు 15 రూపాయల చొప్పున 15 కప్పుల అమ్మకం 225. అంటే ‘లేని’ రాయల్టీ ఏడున్నర శాతం. ధరలు మారుతుంటాయి, పద్ధతి మాత్రం ఇదే. సంతకానికి ముందు సరుకుల పట్టీ అడిగి తీసుకుని, ఒక్కో వస్తువుకు బయటి ధర పక్కన రాసుకుని, లీటరు పాల లెక్కన తేడా తీయండి. పట్టీ అడిగితే ‘సంతకం అయ్యాక పంపిస్తాం సార్’ అంటే అక్కడే ఆగిపోవచ్చు.

ఏడున్నర శాతం అంత ఎక్కువేం కాదు కదా అనిపిస్తుంది. నా పేచీ శాతంతో కాదు, దాన్ని వసూలు చేసే తీరుతో. అమ్మకం మీద రాయల్టీ అయితే కప్పు అమ్ముడుపోయినప్పుడే కంపెనీకి డబ్బు. సరుకు మీద అయితే పారబోసిన చాయ్‌కీ, నలిగిన కప్పుకీ, తేదీ దాటిన మసాలాకీ కూడా కంపెనీ వాటా మనం కట్టేసినట్టే. ఆఫర్ల విషయం ఇంకా అన్యాయం. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని కంపెనీ ప్రకటిస్తుంది. కప్పుకు చేతికొచ్చేది ఏడున్నర రూపాయలు. సరుకులో కంపెనీ వాటా మాత్రం కప్పుకు ఎప్పటిలాగే 1 రూపాయి 13 పైసలు. ఏడున్నర శాతం కాస్తా 15 శాతమైంది. రద్దీ పెరిగింది కాబట్టి కంపెనీ రెండింతల సరుకు అమ్ముకుంది, ఖర్చంతా గల్లాలోంచి పోయింది. దీనిమీద జీఎస్టీ ఒకటి. రెస్టారెంటు సేవకు 5 శాతం పన్ను కట్టే పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మనం కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలుండదు. 3 లక్షల ఫ్రాంచైజీ ఫీజు మీద 18 శాతం, అంటే 54 వేలు, వెనక్కి రాని ఖర్చే. కంపెనీ బిల్లుల్లో వేసే పన్ను కూడా అంతే. సరుకు ధరలు పోల్చేటప్పుడు పన్నుతో కలిపి పోల్చాలి.

ఇక అసలు దెబ్బ. మా మడిగెలో ఒక దశలో చాయపత్తా రంగు దిగడం మానేసింది. ప్యాకెట్ అదే, ధర అదే, కొలత అదే, చాయ్ మాత్రం పాలిపోయి వస్తోంది. ‘ఏం భయ్యా, చాయ్ పల్చగైంది’ అని రోజూ వచ్చేవాళ్ళే అనడం మొదలుపెట్టారు. ఇలాంటప్పుడు కంపెనీ మనిషి మొదట పాల మీదకు తోస్తాడు. కాబట్టి ముందు పాల సంగతి తేల్చేయాలి. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం. కుర్రాళ్ళు టోన్డ్ ప్యాకెట్లు కలిపితే ఎంత మంచి పొడైనా చాయ్ నీళ్ళలాగే ఉంటుంది. అది కాదని తేలాక పొడిని పరీక్షించాలి. టీ రుచి చూసేవాళ్ళు వాడే కొలత 100 మిల్లీలీటర్ల నీళ్ళకు 2 గ్రాములు, 6 నిమిషాలు. దుకాణంలో తక్కెడ అంత సన్నగా తూగదు కాబట్టి అర లీటరు మరిగిన నీళ్ళలో 10 గ్రాములు వేసి మూత పెట్టి, 6 నిమిషాలకు వడకట్టాలి. పాత బ్యాచ్‌ది ఒక గాజు గ్లాసు, కొత్తది ఒక గాజు గ్లాసు పక్కపక్కన పెడితే ఇక వాదన ఉండదు. పాతది ఎర్రగా, నాలుక మీద పట్టేలా ఉంటుంది. కొత్తది పసుపు కలిసిన గోధుమరంగులో తేలిపోతుంది.

ఎందుకిలా అవుతుందంటే, సీటీసీలో గింజ సైజు బట్టి రంగు వదిలే వేగం మారుతుంది. డస్ట్ అనే సన్నటి పొడి త్వరగా రంగు దిగుతుంది, గింజ పెద్దదైతే ఎక్కువసేపు మరగాలి. కాలం కూడా ఉంది. అస్సాంలో మే చివర, జూన్‌లో కోసిన ఆకుకు ఉండే చిక్కదనం వానాకాలం ఆకుకు ఉండదు. ఎక్కువ పండి తక్కువ ధరకు దొరికేది వానాకాలం ఆకే. మిశ్రమంలో దాని వాటా పెంచితే కంపెనీకి కిలోకు ఇంత మిగులుతుంది. ప్యాకెట్ మీద ఆ సంగతి ఎక్కడా ఉండదు. ఇంకోటి తేమ. గోదాములో సరిగా మూయని ప్యాకెట్ జులై, ఆగస్టుల్లో చెమ్మగిల్లి వాసన పోగొట్టుకుంటుంది.

కష్టం ఎక్కడంటే, రంగు రాకపోతే చాయ్ దగ్గర నిల్చున్నవాడు ఎవరికీ చెప్పకుండా ఇంకో చెంచా వేస్తాడు. 35 గ్రాములు 45 అవుతాయి. లీటరు పాలకు 6 రూపాయల 40 పైసలు అదనం. పొడి నాసిరకమైనా కంపెనీ అమ్మకం దాదాపు 29 శాతం పెరుగుతుంది. సరుకు మంచిగా ఉంచడం వల్ల కంపెనీకి లాభం లేని ఏర్పాటు ఇది. ఫోన్లో మొత్తుకుంటే ‘పైకి చెప్తాం’ అంటారు. ప్రతి బ్యాచ్ నుంచి 50 గ్రాములు గాలి చొరని డబ్బాలో తీసి బ్యాచ్ నంబరు, తేదీ రాసి దాచండి. తేడా వస్తే రెండు గ్లాసుల ఫొటోతో ఈమెయిలే పంపండి. మా మడిగెకు ఆ బ్యాచ్ మార్చి ఇచ్చారు, కానీ అప్పటిదాకా వాడేసిన పొడికీ, పోయిన గిరాకీకీ ఏమీ రాలేదు.

సరఫరా బండి సంగతి కూడా చెప్పాలి. ముందు డబ్బు కట్టి ఇండెంట్ (సరుకు ఆర్డరు) పెడితే వారానికి రెండుసార్లు వస్తుంది. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల దారులు మూసేస్తారు, బండి రాదు. ఆ ముందు బండిలోనే రెండు ట్రిప్పుల సరుకు దింపుకోవాలి. రంజాన్ నెలలో మెహిదీపట్నం, టోలిచౌకి వైపు రాత్రి గిరాకీ ఎక్కువ. గత నెల వాడకం చూసి సరుకు కోటా నిర్ణయించే కంపెనీకి ఇది పట్టదు. పొడి అయిపోయి బయట కొంటే ఆడిట్‌లో జరిమానా, కొనకపోతే మడిగె ఖాళీ.

మాస్టర్ గండం తప్పుతుందన్న మాటకు కూడా ఒక సవరణ. పొడి నిలకడగా ఉన్నంతకాలమే అది నిజం. పొడి మారిన రోజున మంట ఎంత పెట్టాలో, ఇంకెంతసేపు మరగనివ్వాలో తెలిసిన మనిషి కావాల్సిందే. ఇరానీ చాయ్ హోటల్‌లో డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా కాచి పొడి మిశ్రమం తామే కుదుర్చుకునేవాళ్ళకు ఈ బాధ తక్కువ.

మన దేశంలో ఫ్రాంచైజీకి విడిగా చట్టం లేదు. ఫలానా లెక్కలు ముందే చూపించి తీరాలని కంపెనీని కట్టడి చేసేది ఏదీ లేదు. ఉన్నదల్లా 1872 కాంట్రాక్టు చట్టం, ఆపైన మనం సంతకం పెట్టిన కాగితం. 2002 పోటీ చట్టంలో 3(4) సెక్షను ఇలాంటి ముడిపెట్టిన అమ్మకాల గురించి ఉంది కానీ, మార్కెట్లో పోటీకి గట్టి దెబ్బ తగిలిందని చూపించాలి. ఒక్క మడిగె ఓనరుకు అది అయ్యే పని కాదు. కాబట్టి కాగితంలోనే రాయించుకోవాలి. ధరల పట్టీ అనుబంధంగా ఉండాలి, పెంచితే ముందస్తు నోటీసు ఉండాలి. ఇండెంట్ పెట్టిన 48 గంటల్లో సరుకు రాకపోతే బిల్లు తీసుకుని బయట కొనొచ్చని ఉండాలి. ఆఫర్ల ఖర్చులో కంపెనీ వాటా ఎంతో ఉండాలి. అన్నీ ఒప్పుకోరు. 48 గంటల మాట మాత్రం గట్టిగా పట్టుబడితే ఒప్పుకుంటారు, మాకు రెన్యువల్‌లో ఒప్పుకున్నారు.

అవును, రెన్యువల్ చేశాం. మడిగె కిరాయి పాతది, చుట్టుపక్కల కంటే తక్కువ. గల్లా మీద ఇంటి మనిషే ఉంటారు. పొద్దున గిరాకీలో సగం బోర్డు చూసి వచ్చే ఆఫీసు జనం. ఈ మూడూ లేకపోతే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు. కొత్త కిరాయికి, జీతమిచ్చి గల్లా మీద మనిషిని పెట్టి నడపాలనుకునేవాళ్ళకు ఆ ఏడున్నర శాతమే మొత్తం లాభం కావచ్చు. వాళ్ళు సొంత బోర్డు పెట్టుకుని ఒక మంచి మాస్టర్‌కు జీతం పెంచి ఇచ్చుకోవడమే మేలు.

బయటికి రావాలనుకునేవాళ్ళు ఒకటి ముందే చూసుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేజీ, డెలివరీ యాప్‌లలో ఖాతా ఎవరి నంబరు మీద ఉన్నాయి? కంపెనీ నంబరు మీద ఉంటే బోర్డు దించిన రోజే అన్నేళ్ళ రేటింగులు కూడా వాళ్ళతోనే పోతాయి. మొదటి రోజే మన నంబరుతో పేజీ తెరిచి, కంపెనీకి మేనేజరు హక్కు మాత్రమే ఇవ్వండి.