సుశాంత్ మరణంపై టీవీ కవరేజీ: నెలకు రూ. 153.40 కట్టి చూసిన సరుకు ఎలా ఉంది?

రివ్యూ చేస్తున్న సరుకు: సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణం మీద 2020 జూన్ 14 నుంచి అక్టోబరు దాకా జాతీయ న్యూస్ చానళ్లు ఇచ్చిన కవరేజీ. ధర: అప్పట్లో 200 చానళ్లకు నెట్‌వర్క్ ఫీజు నెలకు రూ. 130, పైన 18 శాతం జీఎస్టీ, వెరసి రూ. 153.40. పే చానళ్ల డబ్బులు వేరే.

ఇన్నేళ్ల తర్వాత రివ్యూ ఏంటంటే, దానికో కారణం ఉంది. సీబీఐ 2025 మార్చిలో ఈ కేసులో ముగింపు నివేదికలు వేసింది. హత్య అనడానికి గానీ, అతని స్నేహితురాలు, నటి రియా చక్రవర్తి ఆత్మహత్యకు పురికొల్పిందనడానికి గానీ ఆధారం దొరకలేదని తేల్చింది. అంటే ఇన్నాళ్లకు తక్కెడలో ఇటు వేయడానికి ఒక రాయి దొరికింది. అటువైపు నాలుగు నెలల ప్రసారం వేసి తూచవచ్చు.

ప్రసారానికి 5కి 1. ఫిర్యాదుల విభాగానికి 5కి 2.5. రెండోది చాలామందికి తెలియని సేవ కాబట్టి దాని సంగతి కింద కాస్త విడమర్చి చెబుతాం.

ముందు ఒక మాట. సుశాంత్ అంటే మనకు ధోనీ సినిమా గుర్తొస్తుంది. హిందీ ఇళ్లలో మాత్రం అతను 2009లో జీ టీవీలో మొదలైన ‘పవిత్ర రిష్తా’లో మానవ్. సీరియల్ నటుడు పోతే జనం స్పందించే తీరు వేరు. సినిమా హీరోని చూడటానికి మనం హాలుకు వెళ్తాం, సీరియల్ హీరో మన హాల్లోకే వస్తాడు, రోజూ, అన్నం వేళకు. ‘చిన్నారి పెళ్లికూతురు’ చూసిన తెలుగు ఇళ్లకు ఇది విడిగా చెప్పక్కర్లేదు. అందులో పెద్దయ్యాక ఆనందిగా చేసిన ప్రత్యూష బెనర్జీ 2016 ఏప్రిల్ 1న, కలెక్టర్ శివ్‌గా చేసిన సిద్ధార్థ్ శుక్లా 2021 సెప్టెంబరు 2న పోయారు. అసలు పేర్లు తెలియని వాళ్లు కూడా పాత్రల పేర్లతో బాధపడ్డారు. ఆ బాధ నిజం. చానళ్లు అమ్ముకున్నది దాన్నే.

ఇక సరుకు. జూన్ 14 ఆదివారం. మధ్యాహ్నానికి చేతికందిన నిజాలు ఇవి: పేరు, వయసు 34, ముంబై బాంద్రాలో ఇల్లు, పోలీసులు వచ్చారు, మృతదేహాన్ని కూపర్ ఆస్పత్రికి తరలించారు, ఆత్మహత్యగా భావిస్తున్నారు. నింపాదిగా చదివినా అర నిమిషం పట్టదు. బులెటిన్ అర గంట. రోజులో అలాంటి అర గంటలు 48.

మిగతా ఇరవై తొమ్మిదిన్నర నిమిషాలకు ఏ న్యూస్ డెస్కులోనైనా దినుసులు ఒకటే. అంబులెన్సు విజువల్స్ లూపులో తిప్పాలి. అపార్ట్‌మెంటు గేటు నుంచి లైవ్ పెట్టాలి. పాత ఇంటర్వ్యూలోంచి ఒక ముక్క, సహనటులతో ఫోన్లో మాటలు, పాత పోస్టులు, ఆ పైన ‘పోలీసు వర్గాల సమాచారం’. ఇవి రెండు గంటల్లో అడుగంటుతాయి. మూడో గంట నుంచి తెర మీద వేసే శీర్షిక చివర ప్రశ్నార్థకం మొదలవుతుంది. దాని మహిమ అంతా ఇంతా కాదు. అడిగితే ‘మేం ఏమీ చెప్పలేదు, ప్రశ్నించాం’ అనొచ్చు, ఇంట్లో చూసేవాళ్లకు మాత్రం విషయం చెప్పేసినట్టే చేరుతుంది.

ఈ తొందరలో జరిగిన తప్పుల్లో బాగా నమోదైంది ఆజ్‌తక్‌ది. సుశాంత్ ఆఖరి ట్వీట్లంటూ చూపించినవి అతను రాసినవే కావు. ఎవరో తయారుచేసిన స్క్రీన్‌షాట్లు. ఇది పట్టుకోవడానికి పెద్ద ఫోరెన్సిక్ ల్యాబ్ అక్కర్లేదు. ఆ అకౌంట్ తెరిచి, ఆ తేదీకి ఆ ట్వీటు ఉందో లేదో చూడాలి. లేకపోతే తొలగించాడేమో అన్న అనుమానం వస్తుంది, అప్పుడు దాచిన కాపీ ఉందేమో వెతకాలి, అదీ లేకపోతే వదిలేయాలి. మొత్తం పది నిమిషాల పని. అయితే పక్క చానల్ ఆ పది నిమిషాలు ఆగదన్న భయం ఉంటుంది. తప్పంతా ఆ భయంలోనే పుడుతుంది.

శీర్షికలు ఇంకో రకం. ధోనీ పాత్ర చేశాడు కదా అని ‘ఇలా ఎలా హిట్ వికెట్ అయ్యావు సుశాంత్’ అని ఒకటి. ‘పట్నా సుశాంత్ ముంబైలో ఎందుకు ఫెయిలయ్యాడు’ అని ఇంకొకటి. చావు ఇంటి గుమ్మంలో నిలబడి ప్రాస వెతుక్కోవడం ఏ భాషలోనైనా కుసంస్కారమే.

వీళ్లకు నియమాలు తెలియవా అంటే, తొమ్మిది నెలల ముందే, 2019 సెప్టెంబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా, పత్రికల వ్యవహారాలు చూసే ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆత్మహత్య వార్తను ప్రముఖంగా వేయొద్దు, పదే పదే చూపొద్దు. ఎలా చేసుకున్నారో వివరించొద్దు. చోటు వివరాలు ఇవ్వొద్దు. సంచలన శీర్షికలు వద్దు. ఫొటోలు, వీడియోలు, సోషల్ మీడియా లింకులు వద్దు. ఈ పట్టిక పక్కన పెట్టుకుని ఆనాటి ఏ ప్రైమ్ టైమ్ గంటను చూసినా టిక్కు పెట్టడానికి చోటు దొరకదు. ఇది మర్యాద కోసం పెట్టిన పట్టిక కూడా కాదు. ప్రముఖుల ఆత్మహత్యను వివరంగా, పదే పదే చూపితే, అప్పటికే కుంగి ఉన్నవాళ్లకు అది ప్రేరణ అవుతుందని ఎన్నో దేశాల పరిశోధనల్లో తేలింది. అందుకే అలాంటి వార్తతో పాటు సాయం దొరికే నంబరు ఇవ్వాలంటారు. ఇప్పుడైతే టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. స్క్రోలింగులో ఐదంకెలకు ఎంత చోటు కావాలి గనక.

రెండో విడత జులై 25 తర్వాత. తండ్రి పట్నాలో ఫిర్యాదు చేశారు, ఆగస్టు 19న సుప్రీంకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది, ఈడీ, మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ ఎన్‌సీబీ కూడా దిగాయి. కొత్త దినుసులు దొరికాయి: వాట్సాప్ చాట్లు. ఎవరు లీక్ చేశారో చెప్పరు, ముందు వెనక చూపరు, మధ్యలో మూడు లైన్లు చదువుతారు. ఒక చర్చలో ‘ఇమ్మా బౌన్స్’ అన్న మాట వచ్చింది. కుర్రకారు యాసలో దానికి ‘నేను బయల్దేరుతున్నా’ అని అర్థం. టీవీలో అది బౌన్సయిన చెక్కు అయింది. నవ్వొస్తుంది గానీ, అక్కడ మాట్లాడుతున్నది ఒక మనిషిని జైల్లో పెట్టాలా వద్దా అన్న సంగతి. మరో రోజు రియా ఉండే భవనం గేటు దగ్గర పార్శిల్ ఇవ్వడానికొచ్చిన కుర్రాడిని మైకులు చుట్టుముట్టాయి. చేతబడి కోణం కూడా వదల్లేదు. ఆగస్టు 31న దేశ జీడీపీ 23.9 శాతం పడిపోయిందన్న లెక్క వచ్చింది. అప్పటికి చానళ్లు ఈ చాట్లలోనే మునిగి ఉన్నాయి.

జనం తప్పు లేదా? ఉంది. హ్యాష్‌టాగులు పెట్టిందీ, నెపోటిజం (బంధుప్రీతి) అంటూ మొదలుపెట్టి ముక్కూ మొహం తెలియని మనిషిని మంత్రగత్తె అన్నదీ జనమే. లాక్‌డౌన్లో ఇళ్లలో ఉన్నారు, కొత్త సీరియళ్లు లేవు, వార్తే సీరియల్ అయింది. చానల్ వాళ్లకు ఇది చవక కూడా. గేటు దగ్గర లైవ్ ప్రసారానికి ఒక ఓబీ వ్యాను, స్టూడియోలో ఎనిమిది కిటికీల డిబేట్, అంతే ఖర్చు. రేటింగులు వారానికోసారి, గురువారం గురువారం వచ్చేవి. ఏ గంటలో అరుపు ఎక్కువైతే అంకె పెరిగిందో అందులో కనబడుతుంది, మరుసటి వారం ఆ అరుపే రెండు గంటలవుతుంది.

అక్టోబరు మొదటి పక్షం మాత్రం ప్రత్యేకంగా చూడాలి. 3వ తేదీన, హత్య కాదని ఎయిమ్స్ వైద్య బృందం తేల్చినట్టు వార్త బయటికొచ్చింది. 6న న్యూస్ చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థ ఎన్‌బీఎస్‌ఏ ఆజ్‌తక్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. ఆజ్‌తక్‌తో పాటు జీ న్యూస్, ఇండియా టీవీ, న్యూస్ 24లను కూడా క్షమాపణ ప్రసారం చేయమంది. 7న, డ్రగ్స్ కేసులో అరెస్టయిన రియాకు బాంబే హైకోర్టు బెయిలిచ్చింది, అప్పటికి ఆమె 28 రోజులు జైల్లో ఉంది. 8న ముంబై పోలీసులు టీఆర్పీల తారుమారు ఆరోపణలు బయటపెట్టారు (ఆ కేసును తర్వాత ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, అది వేరే కథ). 15న, రేటింగులు లెక్కగట్టే సంస్థ బార్క్ న్యూస్ చానళ్ల వారపు రేటింగులు ఆపేసింది. పన్నెండు వారాలన్నారు, మళ్లీ మొదలయ్యేసరికి 2022 మార్చి అయింది. ఈసారి వారం అంకె కాదు, నాలుగు వారాల సగటు. మా ఉద్దేశంలో జరిమానా కన్నా ఇది ఎక్కువ పని చేసే మరమ్మతు. ఒక్క రాత్రి అరుపుకు ఫలితం అప్పటికప్పుడు కనబడకపోతే అరిచే ఉబలాటం కొంతైనా తగ్గుతుంది.

2021 జనవరి 18న బాంబే హైకోర్టు, రిపబ్లిక్ టీవీ, టైమ్స్ నౌ ప్రసారాల్లో కొన్ని ప్రాథమికంగా కోర్టు ధిక్కారం కిందికి వస్తాయంది, చర్య మాత్రం తీసుకోలేదు. దర్యాప్తు నడుస్తుండగా చేయకూడనివి వరస పెట్టి చెప్పింది: చనిపోయినవాళ్లను బలహీన మనస్కులుగా చూపడం, ఘటనాస్థలాన్ని గ్రాఫిక్స్‌లో మళ్లీ కట్టడం, సాక్షుల ఇంటర్వ్యూలు, దోషి ఎవరో తేల్చేయడం. గ్రాఫిక్స్ మాటకొస్తే మన తెలుగు తెర ఎవరికీ తీసిపోలేదు. 2018లో శ్రీదేవి పోయినప్పుడు ఒక తెలుగు చానల్ విలేఖరి స్నానాల తొట్టిలో దిగి మరీ చూపించాడు.

ఇప్పుడు ఫిర్యాదుల విభాగం. హైదరాబాద్‌కు ఇక్కడో లంకె ఉంది. డ్రగ్స్ కోణంలో తన పేరు టీవీలో మోగుతోందని రకుల్ ప్రీత్ సింగ్‌కు తెలిసింది హైదరాబాద్‌లో షూటింగులో ఉండగానే. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కోర్టు 2020 సెప్టెంబరులో ఆ విషయాన్ని నియంత్రణ సంస్థల ముందు పెట్టించింది, డిసెంబరులో ఎన్‌బీఎస్‌ఏ పలు చానళ్లను క్షమాపణ చెప్పమంది. మూడు నెలలు. మన టీవీ వ్యవస్థకు ఇది వేగమే.

మామూలు ప్రేక్షకుడికీ ఆ కౌంటరు తెరిచే ఉంది. 2021 జూన్‌లో సవరించిన కేబుల్ నిబంధనల ప్రకారం మెట్లు మూడు. మొదట చానల్ ఫిర్యాదుల అధికారికే రాయాలి. 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో జవాబివ్వాలి. నచ్చకపోతే మరో 15 రోజుల్లో స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లాలి, దానికి 60 రోజుల గడువు. ఆ పైన కేంద్రం. ఎన్‌బీఎస్‌ఏ పేరు ఇప్పుడు ఎన్‌బీడీఎస్‌ఏ. చానల్ ఆ సంఘంలో సభ్యురాలా కాదా అన్నది ముందే వాళ్ల సైటులో చూసుకోవాలి, ఎందుకంటే సభ్యులు కాని వాళ్ల మీద వీళ్ల మాట చెల్లదు. 2020లో రిపబ్లిక్ టీవీ విషయంలో జరిగిందదే. పత్రికైతే ప్రెస్ కౌన్సిల్‌కు, ఊరూ పేరూ లేని యూట్యూబ్ చానలైతే యూట్యూబ్‌కే రిపోర్టు.

ఎక్కువ ఫిర్యాదులు ఎక్కడ బోర్లాపడతాయంటే, ‘చూసి మనసు గాయపడింది’ అని రాసిన చోట. గాయానికి క్లాజు నంబరు ఉండదు. రాయాల్సింది ఇలా: ఫలానా తేదీ, రాత్రి 9 గంటల 14 నిమిషాలు, ఫలానా కార్యక్రమం, తెర మీద ఈ మాటలు, ఇది ఎన్‌బీడీఎస్‌ఏ నియమావళిలో ఫలానా అంశానికి విరుద్ధం. క్లిప్పు అప్పటికప్పుడే రికార్డు చేసి పెట్టుకోవాలి. తప్పని తెలిశాక వాళ్లు మొదట చేసే పని వీడియో తీసేయడం, కాబట్టి లింకు ఒక్కటే నమ్ముకోకూడదు. తెలుగు ప్రసారమైతే ఆ మాటల ఇంగ్లిష్ తర్జుమా జత చేస్తే పని తేలికవుతుంది. ఇదే విషయం ఏ కోర్టులోనూ పెండింగులో లేదని రాసివ్వాలి. ప్రముఖుల మరణాల్లో ఫిర్యాదు ఆగిపోయేది చాలావరకు ఇక్కడే, ఎవరో ఒకరు అప్పటికే కోర్టుకెక్కి ఉంటారు.

సగం మార్కులు ఎందుకు కోశామంటే, 2023 నాటికి కూడా జరిమానా గరిష్ఠం లక్షే. పెద్ద చానల్‌కు అది ప్రకటనల విరామంలో కొన్ని సెకన్ల రాబడి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా లక్షకు ఎవరు భయపడతారన్న ధోరణిలోనే అడిగింది, అదీ ఈ బాంబే తీర్పు మీద వచ్చిన అప్పీలులోనే. పైగా క్షమాపణ తెర మీద వచ్చే సమయానికి చూసినవాళ్లంతా వేరే కేసులో మునిగి ఉంటారు.

ఇంత ఓపిక లేనివాళ్లకు రిమోట్ ఉంది. డీటీహెచ్ యాప్‌లో చానల్‌ని ఒక్కటిగా తీసేయొచ్చు. తీసేసే బటన్ కనబడకపోతే అది బొకేలో (కొన్ని చానళ్లు కలిపి అమ్మే ప్యాక్‌లో) ఉన్నట్టు, అప్పుడు బొకే రద్దు చేసి కావాల్సినవి విడివిడిగా ఎంచుకోవాలి. ఉచిత చానల్ తీసేస్తే బిల్లు తగ్గదు. ఎంచుకునే ముందు మొత్తం ఎంతవుతుందో చూసుకోండి, కొన్నిసార్లు విడిగా కొంటే బొకే కన్నా ఎక్కువ పడుతుంది.