జూమ్ హెచ్1ఎన్ రికార్డర్ రివ్యూ: మా అవ్వ గొంతు కోసం కొన్నా

ఏడాదిన్నరగా వాడుతున్నా, ఇప్పుడైతే నమ్మకంగా చెప్పొచ్చు అనిపించి రాస్తున్నా. జూమ్ హెచ్1ఎన్ అని చేతిలో పట్టే చిన్న ఆడియో రికార్డర్. 2018లో వచ్చిన మోడల్, నేను తీసుకున్నది కూడా సెకండ్ హ్యాండే, బెంగళూరులో ఒకాయన దగ్గర 5,800 ఇచ్చి తెచ్చుకున్నా. అనంతపురంలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే చోట పని చేస్తా, సొంతంగా సినిమాలు తీయాలనేది నా ఆశ, ఇప్పటికి రెండు షార్ట్ ఫిల్ములు అయినాయి, మూడోది మొదలుపెట్టాల. కాబట్టి ఇది పాటలు పాడేవాళ్లకో పాడ్‌కాస్ట్ వాళ్లకో రాసిన రివ్యూ కాదు, ఫోన్‌తోనో ఫ్రెండు కెమెరాతోనో మన పల్లెల్లో సినిమా తీయాలనుకునే వాళ్లకి.

ముందు ఎందుకు కొన్నానో చెప్తా. మా అవ్వది కళ్యాణదుర్గం దాటినాక ఒక పల్లె. వానలకు ముందు, మే నెలాఖర్లో, ఇంట్లో విత్తనం శెనక్కాయలు ఒలుస్తారు. వీధిలో ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి కూచుంటారు, మధ్యలో కాయల కుప్ప, ఒళ్లో చేటలు, చేతులు ఆగవు నోళ్లూ ఆగవు. ఆ శబ్దం నాకు చిన్నప్పటినుంచి ప్రాణం. కాయ పటుక్కుమనడం, గింజలు చేటలో రాలడం, పొట్టు ఊదడం, మధ్యలో ఎవరో ఒకరు 'అట్లనా మే' అనడం. దాన్నే పదకొండు నిమిషాల సినిమాగా తీయాలనుకున్నా. పెద్ద కథేం లేదు, బోరు ఎండిపోయినాక ఈ ఏడు విత్తనం వేయాలా, కాయలు అమ్మేసి ఊరుకోవాలా అని అవ్వ ఒలుస్తా ఒలుస్తా తేల్చుకోవడం, అంతే.

మొదటిసారి అంతా ఫోన్‌లోనే తీసినా. బొమ్మ బాగా వచ్చింది, తలుపులోంచి వచ్చే ఎండ చేట మీద పడి గింజలు ఎర్రగా మెరుస్తాంటే నాకే సంతోషం అనిపించింది. ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ప్రాణం ఉసూరుమంది. కాయ పగిలే శబ్దమే లేదు. ఫోన్ ఏం చేస్తుందంటే మాట ఒక్కటే ఉంచి మిగతాదంతా గోల అనుకుని నొక్కేస్తుంది, పైగా అందరూ మాట్లాడకుండా ఉంటే తనే సౌండు పెంచేస్తుంది, ఎవరైనా గట్టిగా నవ్వితే తనే తగ్గించేస్తుంది, అట్ల పెంచుతా తగ్గిస్తా ఉంటే వెనకాల గదంతా ఊపిరి తీసుకుంటున్నట్టు వినిపిస్తుంది. అవ్వ వాక్యం చివర్లో గొంతు తగ్గించి 'ఏం జేస్తాం లే పాపా' అంటుంది చూడండి, ఆ 'లే పాపా' మొత్తం పోయింది. సినిమా అంతా ఆ రెండు మాటల్లోనే ఉంది నా లెక్కలో.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన సీమ యాస తెర మీద ఎప్పుడు వినిపిస్తుంది? తొడ కొట్టేటప్పుడు, నరుకుతా అనేటప్పుడు. థియేటర్లో జనం ఈలలు వేస్తారు సరే, కానీ మా ఇంట్లో ఎవరూ అట్ల మాట్లాడరు. 'తిన్యావా నాయనా', 'యాడికి పోతాండావు మే ఈ ఎండకి', 'రాసింత మజ్జిగ తాగి పో' ఇదీ మా యాస, ఇది మెల్లగా ఉంటుంది, సగం మాట ముక్కులోనే ఉంటుంది, దగ్గరికి పోయి వింటే తప్ప దొరకదు. నేను తీసే ప్రతి సినిమాలో ఆ మెత్తదనం ఉండాల. అందుకే కెమెరా కోసం దాచుకున్న డబ్బుల్లోంచి తీసి ముందు దీన్ని కొన్నా, మా ఆఫీసులో అందరూ తిట్టినారు, లెన్సు కొనుక్కోక ఇదేందని. ఇప్పుడు మళ్లీ ఎంచుకోమన్నా ఇదే ఎంచుకుంటా.

ఇంక వస్తువు సంగతి. అరచేతిలో పట్టేంత ఉంటుంది, బ్యాటరీలు లేకుండా 60 గ్రాములు, పైన రెండు మైకులు ఒకదానికొకటి 90 డిగ్రీల్లో అడ్డంగా పెట్టి ఉంటాయి, స్టీరియో అన్నమాట. 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ దాకా (ఈ అంకెలు శబ్దాన్ని ఎంత వివరంగా రాసుకుంటుందనే లెక్క) వేవ్ ఫైల్ చేస్తుంది కానీ వీడియోకి అంత అవసరం లేదు, 24 బిట్ 48 పెట్టుకుంటే చాలు. ఆ సెట్టింగులో గంటకి ఒక జీబీ కాస్త పైన పడుతుంది. కార్డు మైక్రో ఎస్‌డీ, 32 జీబీ వరకే తీసుకుంటుంది, అంటే దాదాపు ముప్పై గంటలు, నాకు ఎప్పుడూ నిండలేదు. రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలు, కంపెనీ లెక్క పది గంటలు. పల్లెలో కరెంటు పోయినా కిరాణా కొట్లో రిమోట్ సెల్స్ దొరుకుతాయి కదా, అదే నాకు పెద్ద ధైర్యం, ఛార్జింగ్ అయిపోయి షూటింగ్ ఆగిపోయే బాధ లేదు.

నాకు బాగా నచ్చింది పైనున్న తిప్పుడు చక్రం. లెవెల్, అంటే శబ్దం ఎంత గట్టిగా రికార్డవ్వాలనేది, మెనూలోకి పోయి మార్చే పని లేకుండా వేలితో తిప్పితే పెరుగుతుంది తగ్గుతుంది, 10 దాకా అంకెలు కనపడతాయి. స్క్రీన్ కింద లో కట్ (గాలి లాంటి బుర్రుమనే లోతు శబ్దాన్ని తగ్గించేది), ఆటో లెవెల్ (లెవెల్ తనే పెంచి తగ్గించేది), లిమిటర్ (ఉన్నట్టుండి వచ్చే గట్టి శబ్దాన్ని అదుపు చేసేది), ఇంకా ఫైల్ ఏ రకంగా ఉండాలనేదానికి వేరే వేరే బటన్లు ఉన్నాయి. సినిమాకి ఆటో లెవెల్ ఆఫ్ చేసి పెట్టుకోండి, లేకుంటే ఫోన్ చేసిన పనే ఇదీ చేస్తుంది. నేను ఎప్పుడూ అవ్వని మామూలుగా మాట్లాడమని చెప్పి, గట్టి మాటకి మీటరు మైనస్ 12 దగ్గర తగిలేలా పెట్టుకుంటా, లిమిటర్ ఆన్‌లో ఉంచుతా, ఎవరైనా ఉన్నట్టుండి నవ్వినా పగిలిపోదు. ప్రీ రికార్డ్ అని ఇంకోటి ఉంది, బటన్ నొక్కడానికి రెండు సెకన్ల ముందు శబ్దం కూడా పట్టుకుంటుంది, ముసలోళ్లతో చేసేటప్పుడు ఇది దేవుడిచ్చిన వరమే, వాళ్లు మనం యాక్షన్ అనేదాకా ఆగరు కదా.

కానీ ఇవన్నీ కాదు, అసలు తేడా వచ్చేది ఎక్కడ పెడతామన్న దాంట్లో. మనిషికి మైకుకి దూరం సగం చేస్తే శబ్దం సుమారు 6 డీబీ (డెసిబెల్, శబ్దాన్ని కొలిచే లెక్క) పెరుగుతుంది, గది గోల మాత్రం అంతే ఉంటుంది. ఈ ఒక్క లెక్క అర్థమైనాక నా పని మారిపోయింది. కెమెరా పైన తగిలించడం మానేసినా. వెనకాల ట్రిపాడ్ స్క్రూ ఎక్కే రంధ్రం ఉంది, చిన్న టేబుల్ ట్రిపాడ్‌కి బిగించి కాయల కుప్ప వెనకాల, ఫ్రేములో కనపడకుండా, అవ్వ మోకాలికి జానెడు దూరంలో పెట్టినా. కింద మడత పెట్టిన టవల్ వేసినా, లేకుంటే నేల మీద చేట పెట్టిన ప్రతిసారీ డమ్మని వస్తుంది. ఫ్యాన్ ఆపించినా, ఎండాకాలంలో పాపం అందరూ చెమటలు కక్కుకుంటా కూచున్నారు, వాళ్లకి ఎంత చెప్పినా తక్కువే.

ఆ రాత్రి విన్నా. పటుక్... పటుక్... గింజలు రాలుతున్నాయి, గాజులు కదులుతున్నాయి, అవ్వ ఊపిరి పీల్చుకుని 'ఏం జేస్తాం లే పాపా' అంది. నేను మిద్దె మీద కూచోని ఏడ్చేసినా. తర్వాత అవ్వ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టినా, చిన్నప్పుడు కడప రేడియో వినేదంట, కాసేపు కదలకుండా కూచోని 'నా గొంతు ఇట్లుంటుందా, మా యమ్మ గొంతు మాదిరే ఉండాది' అనింది. ఆ మాట కూడా రికార్డు చేసుకుని ఉంటే బాగుండు అని ఇప్పటికీ అనుకుంటా.

గాలి విషయం గట్టిగా చెప్తున్నా, మన జిల్లాలో ఊరికే గాలిమరలు పెట్టలేదు. జూన్ తర్వాత బయట షూటింగ్ అంటే గాలితో యుద్ధమే. ఈ సైజు రికార్డర్లు ఏవైనా సరే మైకు మీద నేరుగా గాలి తగిలితే బుర్రుమని మాట మొత్తం మింగేస్తాయి, తర్వాత ఎడిటింగ్‌లో ఏం చేసినా రాదు. నేను ఒక పూట మొత్తం, చేన్లో అవ్వ నడిచే సీను, అట్ల పోగొట్టుకున్నా, స్పాంజి తొడుగు చాలనుకున్నా, అది ఇంట్లో ఊపిరికి చాలుతుందేమో గానీ చేన్లో గాలికి చాలదు. బొచ్చు తొడుగు కావాల, అది విడిగా కొనుక్కోవాల. నేను అనంతపురం పాతూరులో బొమ్మలు కుట్టే బొచ్చు గుడ్డ పావు మీటరు తెచ్చినా, అవ్వే కొలత తీసి సంచి మాదిరి కుట్టి కింద నాడా ఎక్కించింది. లోపల స్పాంజి, పైన బొచ్చు, దానితో పాటు లో కట్ ఆన్ చేస్తే మామూలు గాలికి బానే తట్టుకుంటుంది. ఈదర గాలికి మాత్రం ఏదీ నిలబడదు, పొద్దున్నే ఆరు లోపల తీసుకోండి, వెలుతురు కూడా అప్పుడే బాగుంటుంది.

సింక్, అంటే విడిగా తీసిన బొమ్మని సౌండుని కలపడం, దాని గురించి భయపడేవాళ్లకి, టైమ్‌కోడ్ (రెండింటినీ కలపడానికి వేసే టైము గుర్తు) లేదు దీంట్లో, అవసరం కూడా లేదు చిన్న సినిమాలకి. ప్రతి షాట్ మొదట్లో కెమెరా ముందు చప్పట్లు ఒకటి కొట్టండి, రెండు తరంగాల్లో ఆ ముల్లును కలిపితే అయిపోయింది. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీ సెకన్లు, పెదాలు కలవకపోతే రెండు ఫ్రేములకే కన్ను పట్టేస్తుంది. చాలాసేపు ఆపకుండా నడిపితే కెమెరా రికార్డరు మెల్లగా విడిపోతాయి, నేను పది నిమిషాలకోసారి ఆపి మళ్లీ చప్పట్లు కొడతా.

చప్పట్లు కొట్టేటప్పుడల్లా నాకు కె.వి.రెడ్డి గారు గుర్తొస్తారు, ఎందుకో చెప్తా. ఆయనది మన తాడిపత్రే. మాయాబజార్ తీసేటప్పుడు ముందే రిహార్సల్స్ చేయించి ఒక్కో సీను ఎంతసేపు వస్తుందో కొలుచుకుని సినిమా నిడివి లెక్కేసుకున్నారు. 1957 నాటి సంగతి ఇది. నేను ఫోన్ స్టాప్‌వాచ్‌తో అదే చేసినా, కెమెరా లేకుండా రికార్డరు ఒక్కటే పెట్టి మూడు రోజులు మాటలు పట్టుకున్నా, ఏ మాట ఎంత ఉందో రాసుకున్నా, నాలుగో రోజు కెమెరా తీసినా. అందుకే పదకొండు నిమిషాలు అనుకున్నది పదకొండున్నర దగ్గర ఆగింది. ముందు సౌండు రాసుకుని తర్వాత బొమ్మ తీయడం అనేది నాకు ఈ రికార్డరు నేర్పిన పద్ధతి, మీరూ ఒకసారి చేసి చూడండి, ముసలోళ్లకి కెమెరా భయం కూడా పోతుంది.

తక్కువలు లేవా అంటే ఉన్నాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ (పెద్ద మైకుల వైరు తగిలించే సాకెట్) లేదు, ఫాంటమ్ పవర్ (ఆ మైకులకి రికార్డరే ఇచ్చే కరెంటు) లేదు, పెద్ద మైకులు తగిలించలేం, 3.5 సాకెట్‌లో కాలర్ మైక్ మాత్రం పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్ బాడీ కాబట్టి చేత్తో పట్టుకుని రికార్డు చేయొద్దు, వేలు కదిలినా గరగరమంటుంది, ఎప్పుడూ స్టాండు మీదే. మరీ నిశ్శబ్దమైన చోట దూరం నుంచి పట్టాలని లెవెల్ బాగా పెంచితే సన్నగా ఉస్ వినపడుతుంది, దగ్గర పెట్టుకుంటే ఆ ఇబ్బంది రాదు. 2024లో హెచ్1 ఎసెన్షియల్ అని దీని తర్వాతది వచ్చింది, అందులో 32 బిట్ ఫ్లోట్ ఉంది, అంటే లెవెల్ తప్పు పెట్టినా తర్వాత సరిచేసుకోవచ్చు. కొత్తది కొనే డబ్బులుంటే అదే చూడండి, సెకండ్ హ్యాండ్ అంటే హెచ్1ఎన్‌ని కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

కళ్లు మూసుకుని అన్నా గానీ చూడాల్సినవి చూడండి. బ్యాటరీ పెట్టే చోట పచ్చగా చిలుము పట్టిందా, చక్రం తిప్పితే ఇయర్‌ఫోన్స్‌లో చరచరమంటుందా, రెండు మైకుల దగ్గరా వేళ్లు నలిపి రెండు చెవుల్లోనూ సమానంగా వస్తుందా అని. కార్డు మాత్రం పాతది, మరీ చవకది తీసుకోవద్దు. ఒక షాపులో సగం రేటుకి ఇచ్చినారని కొన్న కార్డు డూప్లికేట్ అని ఇంటికొచ్చినాక తెలిసింది, రెండో సినిమా కోసం చేసిన గంట రికార్డింగులో పదినిమిషాలే మిగిలినాయి, మాట్లాడిన పెద్దాయన ఇప్పుడు లేరు. కొన్న వెంటనే కార్డు నిండా రికార్డు చేసి చివరి నిమిషం వినండి, 32 జీబీ అయితే ఒక రోజు పైనే పడుతుంది, పోతే పోయింది.

నా మూడో సినిమా తోలుబొమ్మలాట మీద. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట పోయి వచ్చినా, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది మీకు తెలిసే ఉంటుంది. అందరూ ఆ బొమ్మల రంగులు తీస్తారు, నాకు తెర వెనకాల కావాల. యుద్ధం సీను వచ్చినప్పుడు ఆడించేవాళ్లు కాళ్ల కింద చెక్క పలకల్ని తొక్కుతారు, ఆ దడదడకి చిన్నప్పుడు అవ్వ కొంగులో దాక్కునేదాన్ని. ఈ మైకులు 120 డీబీ దాకా పగలకుండా పట్టుకుంటాయని ఉంది, మద్దెల, తాళాలు, పలకలు అన్నీ ఒకేసారి మోగితే ఎట్లొస్తుందో చూడాల. ఒక టవల్ మడిచి, పలకకి మూర దూరంలో, లెవెల్ మూడు దగ్గర పెట్టి మొదలుపెడతా.